వినబడలేదని వ్రాసినవాడు

గుమాస్తా ముచ్చట్లు

ఈ నెల వానల సంగతి వ్రాస్తానని పోయిన నెల మాట ఇచ్చినాను. వానలు రాలేదు, కాబట్టి ఆ ముచ్చటా రాలేదు. పావగడలో ఉంటూ వానను నమ్మి మాట ఇవ్వడం నాదే తప్పు. దానికి బదులుగా ఒక పాత పుస్తకం సంగతి, ఆ పుస్తకం నాకు గుర్తు చేసిన నా స్వంత తప్పు సంగతి చెబుతాను. తప్పు సంగతి అనగానే మా ఇంట్లో, "ఊరందరికీ చెప్పుకోవడం ఎందుకు?" అన్నారు. చెప్పుకుంటే ఒక్కరికైనా మేలు జరుగుతుందని నా ఆశ.

మా వీధి చివర ఒక వకీలుగారు ఉన్నారు. పెద్దవారు. కోర్టుకు వెళ్లడం బాగా తగ్గించినారు. ఆదివారం సాయంకాలం నేను వెళ్లి వారి అరుగుమీద కూర్చుంటే కాఫీతోబాటు ఏదో ఒక పాత పుస్తకం కూడ నా చేతికి వస్తుంది. నా ఇంగ్లీషు ఎస్.ఎస్.ఎల్.సి. ఇంగ్లీషు. నాలుగు పంక్తులు చదివి ఐదో పంక్తికి వారి ముఖం చూస్తాను. వారు విసుగు లేకుండా అర్థం చెబుతారు. అట్లా ఈ మధ్య తెలిసినవాడు డేవిడ్ రాబర్ట్‌సన్ అనే అమెరికా వకీలు.

ఆయన వర్జీనియా రాష్ట్రంలో పీటర్స్‌బర్గ్ అనే ఊరిలో ఉండేవాడు. వకీలు పని ఒకటి, పొట్టివ్రాత ఒకటి, రెండూ వచ్చినవాడు. పొట్టివ్రాత అంటే మన షార్ట్‌హ్యాండు. మనిషి మాట్లాడుతూ ఉండగానే గుర్తులతో గీసుకొని, తరువాత తీరికగా విప్పి వ్రాసుకోవడం. 1788 జూన్‌లో రిచ్‌మండు నగరంలో ఒక పెద్ద సభ జరిగినది. అమెరికాకు క్రొత్తగా తయారయిన రాజ్యాంగాన్ని వర్జీనియా ఒప్పుకోవలెనా, వద్దా అని మూడు వారాలకు పైగా వాదించుకొన్నారు. చివరకు 89 మంది ఒప్పుకోవలెనని, 79 మంది వద్దని చెయ్యెత్తినారు. అంత దగ్గరి లెక్క. ఆ వాదాలన్నీ రాబర్ట్‌సన్ వ్రాసుకొని మూడు సంపుటాలుగా అచ్చువేసినాడు. తరువాత 1807లో అదే రిచ్‌మండులో, అంతకు రెండేళ్ల క్రిందటిదాకా ఉపాధ్యక్షుడుగా ఉన్న ఆరన్ బర్ మీద రాజద్రోహం విచారణ జరిగినది. న్యాయాధిపతి జాన్ మార్షల్. బర్ నిర్దోషి అని తేలినది. ఆ విచారణను కూడ రాబర్ట్‌సనే వ్రాసుకొని 1808లో ఫిలడెల్ఫియాలో రెండు సంపుటాలుగా ప్రచురించినాడు. అక్కడి న్యాయశాస్త్రం చదివేవారు నేటికీ ఆ పుస్తకాలు తిరగవేస్తారట.

ఇదంతా గొప్పే. కాని నన్ను పట్టుకొన్నది గొప్ప సంగతి కాదు, రెండు చిన్న సంగతులు.

1788 సభలో పాట్రిక్ హెన్రీ అనే మహావక్త మాట్లాడుతూ ఉండగా పెద్ద గాలివాన వచ్చినది. సభ అంతా కలవరపడిపోయినది. హెన్రీ మాట ముగించుకోవలసి వచ్చినది. రాబర్ట్‌సన్ ఏమి చేసినాడు? గాలివాన వచ్చినదని, సభ చెదరినదని, ఆయన అంతటితో ఆపవలసి వచ్చినదని ఆ చోటనే వ్రాసిపెట్టినాడు. తన నోటినుంచి రెండు గొప్ప వాక్యాలు అతికి ఉపన్యాసాన్ని ముగించలేదు. జేమ్స్ మాడిసన్ అని ఇంకొకాయన, తరువాత దేశాధ్యక్షుడైనవాడు, చాల మెల్లగా మాట్లాడేవాడట. అలాంటి చోట రాబర్ట్‌సన్ ఆయన గొంతు తగ్గించి మాట్లాడినందున వినబడలేదని వ్రాసినాడు. తాను కూర్చున్నది దూరంగా, పై వసారాలో.

వకీలుగారు ఇది చదివి వినిపించి, "నీవైతే ఏమి చేసి ఉందువు?" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. నేనైతే ఏమి చేసి ఉందునో నాకు తెలుసును. అది ముందు చెబుతాను. దానికి ముందు, మనవారిలో ఇట్లాంటివారు ఉన్నారా అని అడగడం న్యాయం. అడిగినాను.

"లేకేమి! ఆ కాలంలోనే మదరాసులో ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ మనవారే" అన్నారు.

ఆ ఇద్దరి సంగతి మన పిల్లలకు తెలియదు. నాకూ తెలియదు. తెలిసిన తరువాత, తెలియనందుకు సిగ్గుపడినాను.

కంపెనీవారి ఏలుబడిలో మదరాసులో రెండు పెద్ద కోర్టులు ఉండేవి. 1801లో ఏర్పడిన సుప్రీంకోర్టు మదరాసు పట్టణానికి. 1802లో ఏర్పడిన సదర్ అదాలతు బయటి జిల్లాల వ్యాజ్యాలకు. 1862లో ఈ రెంటినీ కలిపి హైకోర్టు చేసినారు. జడ్జీలు ఇంగ్లీషు దొరలు. వ్యాజ్యాలు తెచ్చేవారు తెలుగువారు, అరవవారు, కన్నడిగులు, మలయాళీలు. మధ్యలో ఒక మనిషి కావలె. ఆ మనిషే దుబాసి. రెండు భాషలవాడు అని దాని అర్థం. పల్లెటూరి రైతు బ్రతుకు దొరగారి చెవిలో పడవలెనంటే దుబాసి నోటిగుండా పోవలసినదే.

మొదటివారు వెన్నెలకంటి సుబ్బారావుగారు. 1784లో పుట్టినారు. కందుకూరు దగ్గర ఓగూరు వారిది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, కష్టపడి ఇంగ్లీషు నేర్చుకొని, ఒక్కొక్క మెట్టే ఎక్కి, 1815 నుండి 1829 వరకు సదర్ అదాలతులో అనువాదకులుగాను, దుబాసిగాను పనిచేసినారు. తెలుగు, సంస్కృతం, కన్నడం, అరవం, మరాఠీ, పారశీకం, హిందూస్థానీ, ఇంగ్లీషు: ఇన్ని భాషలు ఎరిగినవారు. 1839లో స్వర్గస్థులైనారు. వారు తమ బ్రతుకు కథను ఇంగ్లీషులో వ్రాసుకొన్నారు. దానిని వారి కుమారుడు 1873లో మదరాసులో అచ్చువేయించినారు. ఒక తెలుగువాడు ఇంగ్లీషులో స్వీయచరిత్ర వ్రాసుకొనడం అంతకుముందు ఎరగని సంగతి.

వారిని గురించి ఇంకొక సంగతి. 1820లో వారు మదరాసు స్కూలు బుక్కు సొసైటీకి మన పల్లె బడులను గురించి ఒక నివేదిక ఇచ్చినారు. పిల్లలు ఏళ్ల తరబడి పద్యాలు వల్లె వేస్తారు గాని వాటి అర్థం ఎరగరని, వ్యాకరణం నేర్పేవారు లేరని, సులభమైన పుస్తకాలు కావలెనని అందులోని సారం. నాకు ఇది చదివినప్పుడు తోచినది ఏమంటే: పొద్దంతా ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే మనిషికి, అర్థం లేకుండా నోటినుంచి వచ్చే మాట అంటే ఎంత భయమో! పిల్లవాడు అర్థం తెలియక వల్లిస్తే వాడికొక్కడికే నష్టం. దుబాసి అర్థం తెలియక పలికితే ఒకరి భూమి పోతుంది, ఒకరి మెడ పోతుంది.

రెండవవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. వారు సుప్రీంకోర్టులో దుబాసి. 1830 మే 18న మదరాసులో బయలుదేరి, నూరుమంది పరివారంతో కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. పదిహేను నెలల పైమాట. ఆనాటికి రైలు లేదు. పల్లకీ, బండి, కాలినడక. ఆ దారి పొడుగునా చూచినది చూచినట్లు తమ స్నేహితులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి వ్రాస్తూ వచ్చినారు. ఏ మజిలీలో ఏమి దొరకును, ఏ దారి ఎట్లా ఉండును, ఏ ఊరివారి ఆచారం ఏమి అని. వీరాస్వామయ్యగారు 1836లో కాలం చేస్తే, శ్రీనివాసపిళ్లగారు 1838లో దానిని కాశీయాత్ర చరిత్ర అనే పేరుతో అచ్చువేయించినారు. దానిని మరల 1941లో మనకు శుభ్రంగా అందించినవారు బెజవాడ వకీలు దిగవల్లి వేంకటశివరావుగారు. చూడండి, ఇక్కడ కూడ ఒక వకీలే!

ఈ ఇద్దరూ ఒకే పట్టణంలో ఒకే కాలంలో రెండు కోర్టుల మధ్య బ్రతికినారు. ఇద్దరూ బ్రతుకంతా ఇతరుల మాటలు మోసినారు. చివరకు తమ మాట కూడ ఒకటి మిగిల్చి వెళ్లినారు. ఒకరు దానిని కోర్టు భాషలో వ్రాసినారు, ఒకరు ఇంటి భాషలో వ్రాసినారు. ఇంగ్లీషులో వ్రాసినాయన మాట తెలుగులోకి రావడానికి 1976 వరకు ఆగవలసి వచ్చినది. అక్కిరాజు రమాపతిరావుగారు దానిని తెలుగు చేసినారు. ఎందరి మాటలో భాష మార్చిన మనిషికి, ఆయన మాట భాష మార్చడానికి నూటమూడేళ్లు పట్టినది.

మదరాసు సంగతి అక్కడ ఉంచి మా ఊరికి వస్తాను. ఎందుకంటే మా తాలూకాలో ప్రతి గుమాస్తా ఒక దుబాసి.

బయటి ఊళ్లలో ఉండే చదువరుల కోసం ఒక మాట. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిది. పటం తీసి చూస్తే చాలవరకు ఆంధ్ర దేశం మధ్యలోకి చొచ్చుకొనిపోయి కనబడుతుంది. ఒకవైపు మడకశిర, ఒకవైపు హిందూపురం, పెనుకొండ, ఒకవైపు కల్యాణదుర్గం. మన కర్ణాటకంతో కలిసేది ఒక సన్నని మెడ వద్దనే. ఇంట్లో తెలుగు, కాగితం మీద కన్నడం. సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. శనిమహాత్మ గుడికి వచ్చేవారు రెండు భాషల్లోనూ మొక్కుకొంటారు, స్వామి రెండూ వింటాడు. 1963లో కన్నడం అధికార భాష అని చట్టం వచ్చినది. అది న్యాయమే. రాష్ట్రానికి ఒక భాష ఉండవద్దా? నేను కన్నడం మీడియంలోనే చదివినాను. కన్నడంలో నా దస్తూరి బాగుంటుందని పెద్దల మెప్పు కూడ పొందినాను. ఈ కథలో గర్వం అక్కడే ఉన్నది, తప్పూ అక్కడే ఉన్నది.

రెండు భాషలూ అక్కచెల్లెళ్లు. అయినా అక్కచెల్లెళ్లను చూచి ఒకరనుకొని ఇంకొకరిని పలకరించడం లోకంలో ఉన్నదే. మనం తెలుగులో "అవును" అంటాము. కన్నడంలో "అవను" అంటే వాడు అని. "ఈ సంతకం నీదేనా?" అని అడిగితే మన ముసలాయన "అవును" అంటాడు. పై జిల్లానుంచి క్రొత్తగా వచ్చిన అధికారి "ఎవడు వాడు?" అని అడుగుతాడు. ఇది మా ఆఫీసుల్లో నవ్వుకొనే మాట. అన్నీ నవ్వుకొనే మాటలు కావు.

ఇప్పుడు నా తప్పు.

చాల ఏళ్ల క్రిందట మా తాలూకాలో సూర్యరశ్మితో కరెంటు తీసే పెద్ద పార్కు వచ్చిన సంగతి మీరు ఎరుగుదురు. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. తిరుమణి, వళ్లూరు మొదలైన అయిదు ఊళ్ల భూములు. భూమిని కొనలేదు, గుత్తకు తీసుకొన్నారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు. వానలేక బీడుపడిన చేలు ఒక్కసారిగా ఏటేటా డబ్బు తెచ్చే చేలు అయినవి. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమైనది. దానికి ముందు ఒకటి రెండేళ్లు తాలూకా అంతటా ఒకే పని: పహణిలో ఎవరి పేరు ఉన్నది, ఎవరి పేరు లేదు, ఎవరి పేరు ఉండవలె. తాత పేరుమీద ఉన్న చేను మనుమల పేరుమీదకు, చచ్చిన అన్న పేరుమీద ఉన్నది బ్రతికిన తమ్ముని పేరుమీదకు. ఇన్నాళ్లు ఎవరికీ పట్టని ఆడబిడ్డల పేర్లు కూడ అప్పుడే పైకి వచ్చినవి.

అట్లా వచ్చినది ఒక అవ్వ. డెబ్బై దాటినది. ఊరు పేరు, ఆఫీసు పేరు వ్రాయను. వారి తప్పు ఏమీ లేదు. తండ్రి స్వార్జితం నాలుగెకరాలు. వీలునామా లేదు. అన్న పేరుమీదనే ఖాతా నడిచినది. అన్న పోయినాడు. అన్న కొడుకులు తమ పేర్లమీదకు మార్చమని అర్జీ పెట్టుకొన్నారు. నా పేరు కూడ వెయ్యండని అవ్వ తకరారు పెట్టినది. విచారణ. అవ్వ వాంగ్మూలం వ్రాసుకొనే పని నాకు వచ్చినది.

అవ్వ బల్లముందర నేలమీద కూర్చున్నది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. నేను తెలుగులో అడుగుతున్నాను, కన్నడంలో వ్రాస్తున్నాను. చెయ్యి పరుగెత్తుతున్నది. ఆ పొద్దు ఇంకా పదకొండు మంది వరుసలో ఉన్నారు.

"అవ్వా, నీ అన్న ఉన్నప్పుడు పుట్టినింటినుంచి నీకు ఏమన్నా ఇస్తుండిరా?" అని అడిగినాను.

"ఇయ్యకేమప్పా? అన్న ఉన్నంతకాలం నాకు పాలు వస్తానే ఉండె. ఆయప్ప పోయినాక నిలిచిపాయ" అన్నది.

నేను వ్రాసినాను: అన్న బ్రతికి ఉన్నంతవరకు తవరుమనెయింద పాలు బరుత్తిత్తు, అని. తవరుమనె అంటే పుట్టినిల్లు. ఇక కన్నడం తెలిసినవారు ఇక్కడే నా తప్పు పట్టుకొని ఉంటారు. తెలుగులో పాలు అంటే చెంబులోని పాలూ కావచ్చు, భాగమూ కావచ్చు. కన్నడంలో చెంబులోనిది హాలు. పాలు అంటే భాగం ఒక్కటే.

అవ్వ చెప్పినది పొద్దున్నే పంపే చెంబెడు పాలు. నేను వ్రాసినది ఆస్తిలో భాగం. ఆ ఒక్క పంక్తితో అవ్వకు చేరవలసినది ఏటేటా చేరిందని, ఆమె దానికి ఒప్పుకొన్నదని అయినది. చదివి వినిపించినాను. చదివినాను అంటే, వరుసలో ఉన్నవారిని చూస్తూ గడగడ చదివినాను. పాలు అన్న మాట రాగానే అవ్వ తల ఊపినది. ఊపదా మరి? తాను అన్న మాటే తనకు వినబడినది! తరువాత హెబ్బెట్టు, అంటే బొటనవేలి ముద్ర. సిరా తుడుచుకోవడానికి నేనే పాత కాగితం ముక్క ఇచ్చినాను. "సల్లగుండు నాయనా" అని వెళ్లిపోయినది.

ఆ సాయంకాలం ఇంటికి వచ్చి కాఫీ అడిగినాను. "ఈ పొద్దు పాలు రాలేదు" అన్నది మా ఇంటావిడ.

నేను లేచి నిలబడినాను. కాఫీ కోసం అనుకొని ఆమె పక్కింటికి పోయి పాలు తెచ్చినది. ఆ కాఫీ నేను త్రాగలేదు.

రాత్రంతా ఒకటే లెక్క. మాట్లాడకుండా ఉంటే ఎవరికీ తెలియదు. కాగితం కాగితమే. వేలిముద్ర పడినది. నాలుగు రోజులు పోతే అవ్వకే తాను ఏమన్నదో గుర్తుండదు. చెబితే? నా దస్తూరికి వచ్చిన మెప్పంతా పోతుంది. ఇన్నేళ్ల నౌకరీలో ఒక తప్పు వ్రాసిన గుమాస్తా అని పేరు వస్తుంది.

తెల్లవారి పోయి పై అధికారికి చెప్పినాను. ఆయన మంచివారే గాని ముందు కోపపడినారు. "వేలిముద్ర పడినాక కాగితం మార్చేది ఎట్లా? రేపు ఎదుటివారు నిన్నూ నన్నూ ఏమంటారు?" అన్నారు. నేను, "మార్చవద్దు సార్. అది అట్లనే ఉండనీండి. ఇంకొకటి తీసుకోండి. నేను తప్పు విన్నానని నేనే వ్రాసి ఇస్తాను" అన్నాను. ఆయన చాలసేపు బల్లమీద వేళ్లతో కొట్టుకొంటూ కూర్చొని, "సరే, పిలిపించు" అన్నారు.

పిలిపించడం ఏమి, నేనే ఒక పూట సెలవు పెట్టి బస్సెక్కి పోయినాను. అవ్వ చింతచెట్టు క్రింద కూర్చొని గింజలు ఏరుకొంటున్నది. జరిగినది చెప్పినాను. ఆమె చాలసేపు నా ముఖం చూచినది.

"పాలంటే పాలే గదప్పా! నీకు తెలుగు రాదా?" అన్నది.

చదువరులారా, నా బ్రతుకులో నేను ఇంత మాట పడలేదు. తెలుగు రానివాడైతే ఏ పాలు అవ్వా అని అడిగి ఉండును. కన్నడం రానివాడైతే ఇంకొకరిని పిలిచి ఉండును. రెండూ బాగా వచ్చునని అనుకొనే నాకే అడగవలెనని తోచలేదు.

రెండవ వాంగ్మూలం నాడు అన్న కొడుకులు కూడ వచ్చినారు. గుమాస్తా ముసలిదానికి నేర్పించినాడని వారి వాదం. వారి స్థానంలో నేనున్నా ఆ మాటే అందును. అధికారిగారు పెద్దవాణ్ణి అడిగినారు: "మీ నాయన ఉన్నప్పుడు ఈమెకు ధాన్యంగాని రొక్కంగాని భాగంగా ఇస్తుండెనా?" అతడు రోషంగా, "ఎందుకు ఇయ్యలేదు సార్, రోజూ పాలు పంపిస్తుండె. ఆ చెంబు ఎత్తుకొని పోయేది చిన్నప్పుడు నేనే" అన్నాడు. అని, తానే ఆగిపోయినాడు. అవ్వ వానివైపు చూచి, "అవు నాయనా, దోవలో సగం తాగి మిగిలిన సగం తెస్తుంటివి" అన్నది. గదిలో ఉన్నవారంతా నవ్వినారు. అతడు కూడ నవ్వినాడు. నవ్విన తరువాత పోట్లాట మునుపటంత గట్టిగా సాగలేదు. కొన్ని నెలలకు అవ్వ పేరు కూడ పహణిలో ఎక్కినది.

ఆమె ఇప్పుడు లేదు. రెండేళ్లు గుత్త డబ్బు తీసుకొని పోయినది. ఆ ఫైలులో మాత్రం రెండు కాగితాలూ ఉన్నవి. మొదటిది నా చక్కని దస్తూరిలో, ఒక్క కొట్టివేత లేకుండా.

అందుకే వకీలుగారు రాబర్ట్‌సన్ సంగతి చెప్పి "నీవైతే ఏమి చేసి ఉందువు?" అన్నప్పుడు నేను నోరెత్తలేదు. నేనైతే గాలివానను విడిచిపెట్టి హెన్రీ ఉపన్యాసాన్ని చక్కగా ముగించి ఉందును. మాడిసన్ గొంతు వినబడని చోట నాకు తోచినది వ్రాసి ఉందును. చదివేవారికి చాల బాగుండును. ఒక్కటే లోపం: అది ఆయన అన్న మాట కాదు. కాగితం అందంగా ఉండడం వేరు, నిజంగా ఉండడం వేరు. వ్రాసేవాని పరువు కొట్టివేత లేకపోవడంలో లేదు. వినబడనిచోట వినబడలేదని వ్రాయడంలో ఉన్నది.

వకీలుగారు ఇంకొక సంగతి చెప్పినారు. 1873లో, అంటే సుబ్బారావుగారి పుస్తకం అచ్చయిన ఏడాదే, ఈ దేశంలో ప్రమాణాల చట్టం ఒకటి వచ్చినదట. సాక్షి ప్రమాణం చేసినట్లే దుబాసి కూడ ప్రమాణం చేయవలెనని అందులో ఉన్నది. దాని బదులు వచ్చిన 1969 చట్టంలో కూడ ఆ నియమం ఉన్నది. సాక్షి నిజం చెబుతానంటాడు. దుబాసి అతడు చెప్పినదే చెబుతానంటాడు. క్రిమినలు కోర్టులో సాక్ష్యం వ్రాసుకొన్న తరువాత సాక్షికి చదివి వినిపించవలెననీ, వ్రాసిన భాష అతనికి తెలియకపోతే తెలిసిన భాషలో చెప్పవలెననీ 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో ఉండినది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలుకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఆ సూత్రం నిలిచి ఉన్నది. మాది కోర్టు కాదు, నన్ను ఎవరూ ప్రమాణం చేయించలేదు. అయినా న్యాయం ఒక్కటే.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో పెద్దలు ఎందరో ఇట్లాంటి కాగితాలమీద సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఉంటారు, ఇకమీదా పెడతారు. వారి పిల్లలకు, మనుమలకు నా మనవి ఇది. మీ అవ్వతోబాటు ఆఫీసుకు వెళ్లండి. వ్రాసినది మెల్లగా చదవమనండి. కన్నడంలో ఏమి వ్రాసినారో తెలుగులో తిరిగి చెప్పమనండి. తిరిగి చెప్పేటప్పుడే తప్పు బయటపడుతుంది. వ్రాసినమాటే మళ్లీ చదివితే బయటపడదు. గుమాస్తా విసుక్కుంటే విసుక్కోనీండి. వరుసలో పదకొండు మంది ఉన్నారంటే ఉండనీండి.

ఇక నాలాంటి గుమాస్తా సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. నేను ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకొన్నాను. ఎవరు ఏమి చెప్పినా, తెలిసిన మాటే అయినా, ఒకసారి అడుగుతాను: "ఏ పాలు అవ్వా?" పాలు కానప్పుడు కూడ అట్లనే అంటాను. క్రొత్తగా వచ్చిన కుర్ర గుమాస్తాలు దానికి నవ్వుతారు. నవ్వనీండి. కారణం అడిగినవానికి కూర్చోబెట్టి ఈ కథ చెబుతాను.

వచ్చే నెల, వానలు పడితే, వానల సంగతి.